హస్తవాసి

మనవారు వైద్యుని యోగ్యత నెన్నునపుడు ఆయన చదువు సంగతి తరువాత నడుగుదురు. ముందుగా నడుగునది హస్తవాసి. ఒకరి చేతి మిరియాల కషాయముతోనే జ్వరము దిగుననియు, మఱియొకరి చేతిమీదుగా అమృతము వచ్చినను వికటించుననియు మన యిండ్లలో పెద్దవారు చెప్పుచుండుట అందఱు నెఱిగినదే. ఈ విశ్వాసమున అదృష్టము పాలెంతయో నేను చెప్పజాలను. చేతి పాలు మాత్రము మిక్కిలి గొప్పదని పెదబయలు మండలమున నొక ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయినిగా గడపిన సంవత్సరములలో నాకు బోధపడినది. ఒకే అట్టలోని రెండు మాత్రలలో నొకటి ఒక చేతినుండి మందై వచ్చును, రెండవది వేఱొక చేతినుండి ఆపదయై వచ్చును.

పెదబయలు పాడేరున కావల, ఒడిశా సరిహద్దు దిక్కుగా నున్న కొండల మండలము. 2022 ఏప్రిలు 4వ తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా యేర్పడువఱకు అది విశాఖపట్టణము జిల్లాలోనిదై యుండెను. మత్స్యగెడ్డ పాయలును, శీతకాలమున పసుపు దుప్పటి కప్పినట్లు పూచు వలిసె చేలును చూచి వచ్చిన యాత్రికులు ఆ సీమను భూతలస్వర్గ మందురు. వానకాలమున గెడ్డ పొంగిన దినములలో రోగిని డోలీ కట్టి మోసికొని దిగువారిని చూచిన పిదప ఆ మాట నోట రాదు. అట్టి గ్రామముల బిడ్డలు పాలపండ్లయినను పూర్తిగా రాలకమునుపే పుస్తకముల సంచితో ఆశ్రమ పాఠశాలకు వత్తురు. అక్కడనే చదువు, అక్కడనే భోజనము, అక్కడనే నిదుర. తల్లి కొండమీద నుండును. అర్ధరాత్రమున బిడ్డ యొడలు కాలినపుడు నొసట చేయివైచి చూచువారు వార్డెనో, ఆయాయో, ప్రక్క పఱుపుమీది పదేండ్ల అక్కయో యగుదురు.

పట్టణపు తల్లి బిడ్డ సంచిలో మందుసీసా యుంచి, పంతులమ్మకు ఫోనులో రెండు ముక్కలు చెప్పి, సాయంకాలము తిరిగి యడిగి తెలిసికొనగలదు. అయినను అక్కడ నెన్ని పొరపాట్లు జరుగుచున్నవో పట్టణపు చదువరు లెఱుగనివారు కారు. బలపముల పెట్టెలో మాత్రను దాచి "మధ్యాహ్నము మరువక మ్రింగుము" అని ఏడేండ్ల బిడ్డకు చెప్పి పంపు తల్లులు మనలో కొందఱు గలరు. ఆ మాత్ర ప్రక్కబిడ్డ నోట పడినచో నడుగువా రెవరు? ఇంగ్లండులో పదునాఱేండ్లకు లోపు బిడ్డకు తలిదండ్రుల వ్రాతపూర్వకమైన అనుమతి లేక బడిలో మందియ్యరాదని, అసాధారణ పరిస్థితులలో దప్ప, ప్రభుత్వపు సూచన యున్నది. ఆ సూచన చదివినపుడు నాకు నవ్వును దుఃఖమును ఒక్కసారి కలిగినవి. మా పిల్లల తల్లులలో పలువురు వ్రాయనేరరు. వ్రాయనేరనంత మాత్రమున అడుగనక్కఱలేదని యర్థమా?

ముందుగా పేరు సంగతి చెప్పవలెను. ఆ కొండలలో ఇంటిపేరు లనగా వంశచిహ్నములు: కిల్లో వారికి పులి, పాంగి వారికి గ్రద్ద, కొర్రా వారికి సూర్యుడు. ఒక్కొక్క వసతిగృహమున ఒకే ఇంటిపేరు గలవారు పదులకొలది యుందురు; ఇంటిపేరును పిలుపుపేరును గూడ ఒక్కటియై యున్నవారు ఇద్దఱు ముగ్గురు దొరకుట వింత కాదు. ఒక పాఠశాలలో అట్టి బాలిక లిద్దఱుండిరి. ఒకతెకు మూర్ఛరోగము, దినదినము రాత్రి మాత్ర వేసికొనవలసినది. రెండవది ఆరోగ్యవతి. క్రొత్తగా వచ్చిన ఆయా పేరు పిలిచెను. పిలుపునకు రెండవ బాలిక లేచి వచ్చెను. మందిచ్చువారిని ఎదిరించి యడుగు అలవాటు మన పిల్లలకు నేర్పలేదు కదా, ఆ పిల్ల మాఱుమాటాడక మ్రింగెను. ఇట్లు మూడు రాత్రులు జరిగినవి. ఆరోగ్యవతి తరగతిలో తూలుచు నిదురపోవుచుండగా సోమరి యని యొకరు మందలించిరి. నాలుగవ నాటి యుదయమున ప్రార్థనవేళ మొదటి బాలిక నేలపై బడి కొట్టుకొనెను. ఇద్దఱును బ్రతికి బాగుపడిరి. ఆ ఆయాను తిట్టినవారే యెక్కువ. ఆమె చేతికి మాత్రల పొట్లమును ఒక పేరును దప్ప మఱేమియు నియ్యని వారిని తిట్టినవారు లేరు. ఆనాటినుండి మా బడిలో మందుపొట్లముమీద పేరుతోపాటు తండ్రిపేరు, ఊరు, తరగతి వ్రాయుటయు, బిడ్డ నెదుట నిలిపి "నీ పేరేమి? మీ ఊరేది?" అని ఆమె నోటనే పలికించుటయు ఆచారమైనది. "మీ పేరు ఫలానా కదా?" అని యడిగినచో భయస్థురాలైన పిల్ల దేనికైనను తల యూపును.

తరువాతిది వరుస. ప్రభుత్వము వారు బడిపిల్లల కందఱకు నొక్కనాడే యిచ్చు మందులు కొన్ని గలవు. 2015 ఫిబ్రవరిలో దేశమున నులిపురుగుల నిర్మూలన దినము మొదలైనది. ఇప్పుడు ఫిబ్రవరి, ఆగస్టు నెలలలో పదవ తేదీన ఆల్బెండజోలు మాత్ర నిత్తురు. రెండేండ్లు నిండినది మొదలు పందొమ్మిదేండ్ల వఱకు 400 మిల్లీగ్రాముల మాత్ర యొక్కటి. ఏడాది దాటి రెండేండ్లు నిండని శిశువులకు అందులో సగము. వారమున కొకమారు ఇనుపమాత్ర. 2018లో వచ్చిన రక్తహీనత నివారణ ప్రణాళిక ననుసరించి అయిదు మొదలు తొమ్మిదేండ్లవారికి గులాబిరంగు మాత్ర, అందు 45 మిల్లీగ్రాముల ఇనుము. పదేండ్లకు పైబడినవారికి నీలిమాత్ర, అందు 60 మిల్లీగ్రాములు. ఈ మందులు మంచివి. చోడి అంబలియే ఆధారముగా పెరిగి, కనుఱెప్ప దించి చూచిన తెల్లగా పాలిపోయియున్న బాలికలకు ఇనుము వలదనువాడు వారి మేలు కోరినవాడు కాడు.

అయినను వరుసకు కన్నులు లేవు. పులిమాత్రను నమలి మ్రింగవలసి యుండగా తొందరలో పసివాడు గుటుక్కున మ్రింగబోయి గొంతున నడ్డుపడవచ్చును. నాడు జ్వరముతో నున్న బిడ్డకు దానిని ఇయ్యరాదు. కోలుకొనిన పిదప ఇయ్యవలెను. అందులకే వారము దినములలో రెండవ దినము నొకటి ఏర్పఱచియున్నారు. కడుపున పురుగు లధికముగా నున్న పిల్లకు ఆ పూట వాంతియో కడుపునొప్పియో కలుగవచ్చునని ముందుగా చెప్పకున్నచో, ఒకతె వాంతి చేసికొనుట చూచి పదిమంది భయపడుదురు. సాయంకాలమునకు బడిలో విషము పెట్టిరను మాట కొండ యెక్కును. ఇనుపమాత్ర భోజనానంతర మియ్యవలసినది. మలము నల్లబడు నను ముక్క ఒక్కటి చెప్పిన జాలును. చెప్పనిచో పిల్లలు మాత్రను నాలుక క్రింద దాచి పెరటి గోడప్రక్కన నుమ్మివేయుదురు. లెక్కపుస్తకమున మాత్రము అందఱును మ్రింగినట్లే యుండును.

వరుసలో నిలిచినవారిలో సికిల్‌సెల్ వ్యాధి గల బిడ్డయు నొకతె యుండవచ్చును. రక్తకణములు కొడవలి యాకారమున వంగు ఈ వంశపారంపర్య వ్యాధి మన్యపు గిరిజనులలో నున్నది. 2023 జూలై 1వ తేదీన మధ్యప్రదేశములోని షహడోలునందు దీని నిర్మూలనకై జాతీయోద్యమ మారంభింపబడి, నలువదేండ్లలోపు గిరిజనులకు రక్తపరీక్షలు చేయ నిశ్చయించిరి. ఆ బిడ్డయు పాలిపోయియే కనబడును. చూచువారు పోనిమ్మని ఇనుపమాత్ర మఱియొకటి చేర్చి పెట్టుదురు. కాని పలుమారులు రక్త మెక్కించుకొనిన సికిల్‌సెల్ రోగికి దేహమున ఇనుము అప్పటికే మిక్కుటమై యుండవచ్చును; వైద్యుని యడుగక ఇనుమిచ్చుట తగదు. ఆమెకు కావలసినవి వైద్యుడు వ్రాసియిచ్చు హైడ్రాక్సీయూరియా, ఫోలిక్ ఆమ్లము, విరివిగా మంచినీరు, చలినుండి రక్షణ. ఆమె కాళ్లనొప్పి యని యేడ్చిన దినమున బడి యెగగొట్టుటకు వేసిన వేషమని తలపని యొక పెద్దమనిషియు నుండవలెను. అందఱకును సమానముగా చూచుట న్యాయమని మనము పిల్లలకు బోధింతుము. మందుల విషయమున ఆ న్యాయమే అన్యాయ మగును.

ఇనుపమాత్ర సంగతి వచ్చినది కావున నీలగిరులలో జరిగిన యొక ఘోరము చెప్పక తీరదు. 2023 మార్చిలో ఉదకమండలమున ఒక పాఠశాలలో ఎనిమిదవ తరగతి బాలికలు కొందఱు, ఎవ రెక్కువ మ్రింగుదురో చూత మని పందెము వైచుకొని, ఇనుపమాత్రలను చాల మ్రింగిరి. వారిలో నొక బాలిక మరణించినది. చక్కెర పూత పూసిన రంగుమాత్ర పిల్ల కంటికి మిఠాయియే. ఆకలి యెఱిగిన పిల్ల కంటికి మఱింత మిఠాయి. వారమునకొక్కటి చొప్పున మేలుచేయునదే ఒక్కనాడు పదులకొలది కడుపులోనికి పోయిన కాలేయమును కాల్చివేయును. మందుల పెట్టెకు తాళము వేయుట పిల్లలను దొంగలుగా నెంచుట యని మా బడిలో నొకరు వాదించిరి. వంటయింటి కత్తిపీటను గూటిమీద పెట్టుటయు బిడ్డను దొంగగా నెంచుటయేనా?

మన్యమున అన్నిటికన్న పాతది మలేరియా. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాసు దోమ కడుపున ఈ జ్వరపు క్రిమిని కనిపెట్టెను. కనిపెట్టిన స్థలము మన తెలుగుదేశమే యైనను ఈ జ్వరము మన కొండలను ఇంకను వదలలేదు. పూర్వము కొయినా చేదునకు పిల్లలు పారిపోయెడివారు. ఇప్పటి మాత్రలలో చేదుకన్న లెక్క ప్రధానము. వైవాక్సు అను జాతి జ్వరమునకు మూడు దినములు క్లోరోక్వినును, పదునాలుగు దినములు ప్రైమాక్వినును ఇత్తురు. మూడవనాటికే జ్వరము దిగును. పదునాలుగవ దినము వఱకు మాత్ర యెందులకనగా, క్రిమి కాలేయమున నిదురించి కొన్ని వారములకో నెలలకో మరల మేల్కొనును గనుక. ఇది తెలియని తల్లి, సంతకు వచ్చి, ఆడుకొనుచున్న బిడ్డను చూచి సంతోషించి, "జొరం తగ్గిపోనాది గదా టీచరమ్మా, ఇంక బిళ్లలెందుకు?" అని యడిగి యింటికి తీసికొనిపోవును. ఆమె ప్రశ్నలో తప్పేమున్నది? జ్వరము తగ్గుటకే గదా మందు! జవాబు చెప్పవలసిన భారము మనది. అదియు ఆమెకు తెలిసిన భాషలో.

ఆ భాష తెలుగు కాకపోవచ్చును. కొందఱిది కువి, కొందఱిది ఆదివాసీ ఒడియా. మందు అట్టమీద ఆంగ్లాక్షరములు. చీటీమీద మన తెలుగు. ఇంట మూడవ భాష. పై తరగతి బాలిక నొకతెను పిలిచి, చెప్పించి, తల్లిచేత తిరిగి చెప్పించుకొనుట మేలని తేలినది. "తెలిసినదా?" అనిన అందఱును తెలిసిన దనియే యందురు. ఒక తల్లి మాత్రము మేమిచ్చిన చీటీని మడిచి రవికలో పెట్టుకొని, చీరకొంగునుండి దారమొకటి తీసి, మిగిలిన దినము లెన్నియో అన్ని ముడులు వైచి, దినమున కొక ముడి విప్పుదునని చూపినది. సెలవులు ముగిసి బిడ్డ తిరిగి వచ్చినపుడు మాత్రల అట్ట ఖాళీ. దారమున ముడులు లేవు. మా పుస్తకములోని గళ్లకన్న ఆ దారము నిజమైన లెక్క.

ప్రైమాక్విను గూర్చి మఱియొక జాగ్రత్త. కొందఱి రక్తమున జి-6-పి-డి అను ఒక ద్రవ్యము పుట్టుకతోనే కొఱతగా నుండును; అట్టివారికి ఈ మందు రక్తకణములను పగులగొట్టును. వైద్యుడు పరీక్షించి ఇచ్చుట ఉత్తమము. మాత్ర వేయు చేయి యెఱుగవలసినది ఒక్కటి: బిడ్డ మూత్రము కాఫీ డికాక్షను రంగునకు మారినను, కన్నులు పచ్చబడినను, మాత్ర నాపి తక్షణము ఆసుపత్రికి కొనిపోవలెను. పిల్లలను ప్రతిదినము ఈ సంగతి యడుగుటకు మొదట సిగ్గుపడినవారే పిమ్మట అలవాటుపడిరి.

జ్వరపు మాత్ర యందఱి యింటనున్నదే గనుక దాని గూర్చి ఎవరును భయపడరు. పారసిటమాలును బిడ్డ బరువున కిలోకు పది మొదలు పదునైదు మిల్లీగ్రాముల లెక్కను, నాలుగు గంటలకు తక్కువ గాని యెడముతో, దినమునకు నాలుగు మార్లకు మించకుండ ఇయ్యవలెను. ఇరువది కిలోల బిడ్డకు 500 మాత్రలో సగమే జాలును. ఇక్కడ వయస్సునుబట్టి ఇచ్చినచో మోసము. మన్యమున పదేండ్ల పిల్ల తూగునది మైదానమున ఏడేండ్ల పిల్ల తూగునంత కావచ్చును. కావున బడికి మందుల పెట్టెకన్న ముందు కొనవలసినది త్రాసు. మఱి జ్వరము రెండుమూడు దినములు విడువనపుడు మాత్రలతో అణచుచు కూర్చుండుట ప్రమాదము. మలేరియా పరీక్ష లేక గడచిన దినము లవి. 2025 అక్టోబరులో పార్వతీపురము మన్యము జిల్లాలోని కురుపాము బాలికల గురుకులమున కామెర్లు వ్యాపించి నూఱుమందికి పైగా బాలికలు ఆసుపత్రుల పాలైరి. దానికి మందులు కారణము కావు, అది అంటురోగము; అయినను కాలేయము చెడిన బిడ్డకు జ్వర మనుకొని పూటపూటకు పారసిటమాలు పోయుట ఎంత చేటో తలచిన గుండె ఝల్లుమనును. అదే సంవత్సరము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మధ్యప్రదేశమున ఛింద్వాడా ప్రాంతమున డైఎథిలీన్ గ్లైకాల్ అను విషము కలిసిన దగ్గుమందు త్రాగి ఇరువదిమందికి పైగా పసివారు మరణించిరి. దగ్గునకు తేనెనీళ్లు పోయు మన అవ్వలను వెక్కిరించుట కొంతకాల మాపవలె ననిపించినది.

అవ్వలమాట వచ్చినది గనుక దిసారి మాటయు చెప్పెదను. కొండగ్రామమున బిడ్డకు జబ్బు చేసిన ముందుగా నడుగునది దిసారినే. ఆయన గ్రహములు లెక్కించును, వేరు నూఱి యిచ్చును. మా ఉపాధ్యాయులలో కొందఱు దీనిని పరిహసింతురు. పరిహాసమునకు ఫలమేమనగా తల్లి ఆ వేరు సంగతి దాచును. వైద్యుడు తెలియక తన మందిచ్చును. ఒకే కడుపున రెండు మందులు కలియును. సెలవులనుండి వచ్చిన బిడ్డను "ఇంట నేమేమి పెట్టిరి?" అని చిఱునవ్వుతో అడిగి వ్రాసికొనుటవలన మా బడికి గౌరవ మేమియు తగ్గలేదు.

ఇంతటి పని యెవరిది? 1902లో న్యూయార్కు నగరమున లీనా రోజర్సు అను నర్సును నాలుగు పాఠశాలలకు ప్రయోగార్థము నియమించిరి. అంతకుముందు చిన్న రోగములకే పిల్లలను ఇంటికి తఱిమి వేయుచుండిరి. ఆమె గాయములు కట్టి, ఇండ్లకు పోయి తల్లులకు చెప్పి, పిల్లలను బడికి తిరిగి రప్పించెను. ప్రయోగము ఫలించి నర్సుల సంఖ్య పెంచిరి. మన దేశమున 2020లో పాఠశాలల ఆరోగ్య కార్యక్రమము క్రింద బడికి ఇద్దఱు ఉపాధ్యాయులను, స్త్రీ నొకరిని పురుషు నొకరిని, ఆరోగ్యదూతలుగా నేర్పఱుప దలచిరి. మంచిదే. కాని లెక్కలు చెప్పి, పరీక్షలు దిద్ది, వంటపాత్రలు తనిఖీ చేసి, రాత్రి మూడువందలమంది పిల్లలలో నిద్రించు మనిషిని నర్సు వనిన కాజాలదు. ప్రతి ఆశ్రమ పాఠశాలకు నొక నర్సు నియ్యుడని గిరిజన సంఘములు పలుమార్లు కోరుచున్నవి. కోరిక న్యాయమైనది. అది నెరవేరువఱకు బిడ్డలకు జ్వరములు రాక మానవు గనుక, ఉన్న చేతులలో నొక చేతిని నేర్పుతో తీర్చిదిద్దుకొనవలసియున్నది. పదిచేతుల దానముకన్న ఒక చేతి బాధ్యత మేలు: వైద్యుని చీటీ లేని మందు ముట్టని చేయి, గడువు చూచు చేయి, వంటయింటి చెంచా కాక సీసామూతి కొలతతో పోయు చేయి, మ్రింగిన తరువాతనే గాని పుస్తకమున గుఱుతు పెట్టని చేయి.

మా బడిలో తలిదండ్రుల సమావేశమున ఈ యేర్పాటులన్నియు చదివి వినిపించితిమి. మందుల పెట్టె, తాళము, పుస్తకము, బాధ్యురాలైన ఉపాధ్యాయిని పేరు. వెనుక వరుసలో గొంగళి కప్పుకొని కూర్చున్న తండ్రి యొకడు లేచి, ఆదివారమునాడు ఆ యమ్మ ఊరికి పోయినపుడు తాళపుచెవి యెవరియొద్ద నుండునని యడిగెను. అధ్యక్షుడు ప్రధానోపాధ్యాయుని వంక చూచెను. ఆయన వార్డెను వంక చూచెను. ఆ సాయంకాలమే ఆదివారపు పేరు నొకటి సుద్దతో పెట్టెమీద వ్రాసితిమి. వానచెమ్మకు చెరిగిపోవుచుండుటచే వారమువారము తిరిగి వ్రాయుచుంటిమి.